కొండ దిగని చిన్నపరెడ్డి

ధైర్యం కూడా పాలలాంటిదేననీ, ఎక్కువకాలం నిలవుంచితే విరిగిపోతుందనీ ప్రభుత్వానికి కాస్త ఆలస్యంగా తెలిసింది. తెలిశాక మాత్రం ఇక ఊరుకోలేదు.

పింఛను తీసుకునేవాళ్లు ఏటేటా ట్రెజరీకి వెళ్లి, తాము బతికే ఉన్నామని చూపించుకోవడం ఎప్పట్నుంచో ఉన్న ఆచారమే. రాజధానిలో ఒక పెద్ద అధికారికి మధ్యాహ్నం భోజనమయ్యాక కునుకుపాట్లలో ఒక ఆలోచన తట్టింది. ఊపిరికే ఏటా రుజువు అడుగుతున్నామే, మరి ధైర్యానికి అడగొద్దా? ఎప్పుడో యుద్ధంలో ఎవడో ధైర్యం చూపించాడని శౌర్య పతకం ఇచ్చేశాం. ఆ మనిషి ఇవాళ బొద్దింకను చూసి మంచమెక్కుతున్నాడేమో ఎవరు చూడొచ్చారు? పిరికివాడి ఛాతీమీద సర్కారు పతకం వేలాడితే పరువేం కాను?

ఇంకేముంది, జిల్లా జిల్లాకూ ఒక 'శౌర్య పునర్నిర్ధారణ మండలి' వెలిసింది. పతకమున్న ప్రతి మాజీ సైనికుడూ ఏటా మండలి ముందు హాజరై, తనలో ధైర్యం ఇంకా మిగిలే ఉందని నిరూపించుకోవాలి. లేకపోతే పతకం రద్దు.

ఈ తాఖీదు రేగలగడ్డలో హవల్దార్ పీరయ్యకు అందేసరికి ఆయన గేదెకు గడ్డి వేస్తున్నాడు. మిలిటరీ నుంచి వచ్చేశాక ఆయన గడుపుతున్న జీవితం అదే. కాగితం చదివి, పకపకా నవ్వి, చూరులో దోపి, మళ్లీ గడ్డి అందుకున్నాడు. పతకం మీద ఆయనకు ఎన్నడూ మోజు లేదు. దొంగలు వెతకని చోటని భార్య మస్తాన్‌బీ దాన్ని బియ్యం డ్రమ్ములో అడుగున పెట్టింది.

"రద్దు చేసుకుంటే చేసుకోనీలే. అది లేకపోతే మనకు బువ్వ దిగదా ఏంది?" అన్నాడు పీరయ్య.

"బియ్యం తీసేటప్పుడు చేతికి గుచ్చుకోకుండా ఉంటాది," అన్నది మస్తాన్‌బీ.

ఆ పతకాన్ని నెత్తిన పెట్టుకున్నవాడు వేరే ఉన్నాడు. అతను చిన్నపరెడ్డి. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే రెజిమెంటు. సరిహద్దులో ఒక మంచుకొండ మీద యుద్ధంలో చిన్నపరెడ్డికి కాలు పోతే, అతన్ని భుజానేసుకుని కొండ దించుకొచ్చినవాడు పీరయ్య. పతకం ఇచ్చింది అందుకే. చిన్నపరెడ్డి కట్టుడు కాలుతో ఊరొచ్చి, రోడ్డుమీద పంక్చర్ షాపు పెట్టుకున్నాడు. బండికి గాలి కొట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాడూ గాలితోపాటు ఆ కథ కూడా ఎక్కించుకుని పోవలసిందే. ఏటికేడాది కొండ ఎత్తు పెరిగేది, మంచు లోతు పెరిగేది, పీరయ్య మోసిన దూరం సాగేది.

"ఒరే రెడ్డీ, నువ్వు చెప్పినంత దూరం మోసుంటే ఇద్దరం సముద్రంలో తేలేవాళ్లంరా," అని పీరయ్య మొత్తుకునేవాడు.

"నువ్వు ఊరుకోరా. మోసినోడికేం దెలుసు? మోయించుకున్నోడికి తెలుస్తాది దూరం," అనేవాడు చిన్నపరెడ్డి.

గడువు దాటింది. పతకం రద్దయింది. పీరయ్య గేదెకేం లోటు రాలేదు. కానీ ఆ మరుసటి నెల చిన్నపరెడ్డికి పింఛను రాలేదు.

కనుక్కుని వస్తానని జిల్లా కేంద్రానికి పోయిన చిన్నపరెడ్డి, తిరుగు బస్సు దిగి నేరుగా పీరయ్య ఇంటికొచ్చి అరుగుమీద కూలబడ్డాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఒరే పీరా, నేను యాడ ఉండాను?"

"మా అరుగు మీద."

"కాదంట. నేనింకా కొండమీదే ఉండానంట."

జరిగిందిది. చిన్నపరెడ్డిని మండలి అధ్యక్షులు కోదండపాణిగారి దగ్గరికి పంపారు. ఆయన తుపాకీ అనేదాన్ని తిరునాళ్లలో బుడగలు కొట్టడానికి తప్ప ముట్టి ఎరగడు గానీ, శౌర్యానికి సంబంధించిన ఉత్తర్వులన్నీ ఆయనకు కంఠతా వచ్చు. చిన్నపరెడ్డిని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఎంతో ఓపిగ్గా విడమరిచి చెప్పాడు.

"చూడండి చిన్నపరెడ్డిగారూ. సదరు పీరయ్య శౌర్యం పూర్వకాలం నుంచి వర్తించే విధంగా రద్దు చేయబడింది. శౌర్యం రద్దయినప్పుడు శౌర్య కృత్యం కూడా రద్దయినట్లే కదా? ఏమిటా కృత్యం? తమరిని కొండ దించుట. దించుట జరగలేదు గనుక తమరు దిగలేదు. దిగని వ్యక్తికి ఈ జిల్లాలో పింఛను ఏ విధంగా చెల్లించగలం? అది ఆ కొండ ఏ జిల్లాలో ఉన్నదో ఆ జిల్లా వారి పరిధి."

"మరి నీ ఎదురుగా కూర్చున్నది ఎవరని అడగలేకపోయినావా?" అన్నాడు పీరయ్య.

"అడిగినా. అది తమ పరిశీలనలో లేని అంశమంట."

పీరయ్యకు నవ్వు ఆగలేదు. చిన్నపరెడ్డి కూడా తిట్టుకుంటూనే నవ్వాడు. ఇద్దరూ కళ్లనీళ్లు తుడుచుకుంటుండగా చిన్నపరెడ్డి భార్య ఆదెమ్మ వచ్చింది. ఆమె నవ్వలేదు.

"నవ్వండి, నవ్వండి. ట్యూబుల్లేని టైర్లు వచ్చినాక షాపుకు ఈగలు గూడా రావడం లేదు. ఈయన మొండికాలికి పుండు పడి, నెలంతా మందులు మింగుతుండాడు. ఆ పింఛనే గదా మా గంజీ నీళ్లూ," అని, పీరయ్య వైపు తిరిగింది. "అన్నా, నీ ధైర్యం సంగతి నాకు తెలీదు గానీ, నా పొయ్యి సంగతి నాకు తెలుసు. ఒక్కసారి పోయి, వాళ్లేమడిగితే దానికి తగ్గట్టు చెప్పిరా. నీకు పుణ్యముంటాది."

పీరయ్య నవ్వు ఆగిపోయింది. మస్తాన్‌బీ బియ్యం డ్రమ్ములో మోచేతిదాకా చెయ్యి పెట్టి పతకాన్ని పైకి తీసి, చింతపండేసి తోమింది.

మండలి ముందు పీరయ్య హాజరైన రోజున కోదండపాణిగారు కొత్త కోటు వేసుకున్నాడు. పక్కన ఒక డాక్టరు, అభ్యర్థి గుండె చప్పుడు వినడానికి సిద్ధంగా ఉన్నాడు.

"ప్రథమ పరీక్ష, ఆకస్మిక ధ్వని," అని ప్రకటించాడు అధ్యక్షుడు.

అటెండరు వీరభద్రం పీరయ్య కుర్చీ వెనకాల ఒక లక్ష్మీబాంబు వెలిగించాడు. గది అదిరిపోయింది. డాక్టరు చేతిలో గొట్టం కిందపడింది. కోదండపాణిగారు బల్లకింద పడిన తన కలాన్ని తీసుకోవడానికి వంగి, పొగ పోయేదాకా వెతుకుతూనే ఉన్నాడు. పీరయ్య మాత్రం గోడమీద క్యాలెండరు చూస్తున్నాడు. ఆయన చెవులు ఆ కొండమీదే సగం పోయాయి.

"ఏమన్నా మాడిన వాసనొస్తుండాది సార్," అన్నాడు.

"ధ్వని వినబడలేదు గనుక ధైర్యం ఖర్చు కాలేదు," అని బల్లకింది నుంచే చెప్పి రాయించాడు అధ్యక్షుడు. "ద్వితీయ పరీక్ష, విషసర్పం."

పాము కోసం అటవీశాఖకు రాశారట. పాములకు అనుమతి రాలేదు. పని ఆగకూడదు కదా, పాము స్థానంలో తాత్కాలిక ప్రాతిపదికన అటెండరు వీరభద్రాన్నే నియమించారు. రేపో మాపో రిటైరు కాబోయే మనిషి. పాపం, నేలమీద బోర్లా పడుకుని, బుసకొడుతూ పీరయ్య కాళ్ల దగ్గరికి పాక్కుంటూ వచ్చాడు. పీరయ్య గబుక్కున లేచి ఆయన చంకల కింద చేతులు పెట్టి ఎత్తాడు.

"లెయ్యి నాయనా, ఈ వయసులో ఇదేం ఖర్మ నీకు? నడుం పట్టుకుంటాది," అన్నాడు.

"శత్రువు పట్ల అనవసర కారుణ్యం," అని రాయించాడు కోదండపాణిగారు. "ఇక చివరిది. ఇది మౌఖికం. ఆ కొండమీద, ఘటనా సమయమందు, తమరికి భయం కలిగినదా, లేదా?"

దారిపొడుగునా బస్సులో పీరయ్య ఈ ప్రశ్నకే జవాబు వల్లెవేసుకుంటూ వచ్చాడు. లేదు. రెండక్షరాలు. ఆదెమ్మ మొహం గుర్తుచేసుకుని నోరు తెరిచాడు. తెరిచాడు గానీ, ఆ కొండ కళ్లముందుకొచ్చి నిలబడింది. మంచులో ఎర్రగా పాకిన మరక, అమ్మా అమ్మా అని చిన్నపరెడ్డి మూలుగు, తన పళ్లు తనకే వినబడేలా కొట్టుకోవడం. 

"కలక్కపోవడమేంది సార్?" అన్నాడు. "ప్యాంటు తడిసిపోయింది. ఆ చలికి అది గడ్డకట్టి, తొడలు గీసుకుపోయినాయి గూడా."

"మరి అంత భయపడినవారు ఇంకొక వ్యక్తిని ఎందుకు మోసుకొచ్చినట్లు?"

"ఒక్కణ్ణే దిగాలంటే ఇంకా భయమేసింది సార్. వాడు మూలుగుతా ఉంటే పక్కన మనిషున్నట్టుండేది."

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కోదండపాణిగారికి అలాంటి బలహీనతలు లేవు. "భయనివారణార్థం క్షతగాత్రుని తోడు తెచ్చుకున్నట్లు అభ్యర్థి స్వయంగా అంగీకరించాడు. శౌర్యం లేదు," అని రాయించి, హఠాత్తుగా ఆగిపోయాడు. మొహంలో ఏదో వెలుగు వచ్చింది.

"ఆగండి. తద్వారా చిన్నపరెడ్డిగారు ఇప్పటికీ కొండమీదే విధి నిర్వహణలో ఉన్నట్లు కదా! ఒంటరిగా. ఒంటికాలితో. ఇన్నేళ్లలో ఒక్కరోజు సెలవు కూడా పెట్టకుండా!" ఆయన భక్తిగా లేచి నిలబడ్డాడు. "ఇంతటి శౌర్యం దేశంలోనే లేదు. ఇది మన జిల్లాకు దక్కిన అదృష్టం. అత్యున్నత పతకానికి సిఫారసు చేద్దాం."

"అంత చలిలో ఇన్నేళ్లు మనిషి బతకడం వైద్యశాస్త్రం ఒప్పుకోదండీ," అన్నాడు డాక్టరు, ఈ గోల ఇక్కడితో ఆగుతుందన్న ఆశతో.

"అయితే మరణానంతరం ఇద్దాం. అదే మేలు. మృతుల శౌర్యానికి పునర్నిర్ధారణ అవసరం లేదు. అది ఎన్నటికీ చెడిపోదు."

అధ్యక్షుడు పీరయ్య వైపు ఆప్యాయంగా వంగాడు. చిన్నపరెడ్డి భార్యకు అమరవీరుడి కుటుంబ పింఛను వస్తుందనీ, పాత పింఛనుకన్నా అది ఎక్కువేననీ, ఒక చిన్న లాంఛనం మాత్రం మిగిలిందనీ చెప్పాడు. చిన్నపరెడ్డిని కొండమీద వదిలేసి తానొక్కడే దిగి వచ్చినట్లు పీరయ్య రాసివ్వాలి.

"రాసిస్తే ఆదెమ్మకు నెలనెలా వస్తాయా సార్?"

"ఆమె జీవితాంతం. ఏటా బతికున్నట్లు చూపించుకుంటే చాలు."

పీరయ్య సంతకం పెట్టాడు. కొండమీద వణికిన చెయ్యి ఇప్పుడు వణకలేదు. డాక్టరు అది చూసి, "ధైర్యమంటే..." అని ఏదో అనబోయాడు.

"ఆ మాట ఎక్కడా నమోదు చేయకండి," అన్నాడు కోదండపాణిగారు.

ఊరికొచ్చి ఈ సంగతి చెప్పేసరికి చిన్నపరెడ్డి చేతిలో ఉన్న గాలిపంపు విసిరికొట్టాడు.

"ఎంత పని చేసినావురా సచ్చినోడా! నన్ను వదిలేసి వచ్చినానని నీ చేత్తో నువ్వు రాసిచ్చినావా?"

"కాయితం మీదనే గదరా."

"నేను కొండ దిగంది గూడా కాయితం మీదనే! అయినా పింఛను ఆపేసినారా లేదా? ఒరే, ఆ కొండ దిగినాక నాకు కాలు లేదు, ఉద్యోగం లేదు. నన్నొకడు మోసుకొచ్చినాడనే మాట ఒక్కటుండాది చెప్పుకోవడానికి. అది గూడా అమ్మేసినావే! రేపట్నుంచి ఊళ్లో నిన్ను పిరికోడంటా ఉంటే, నేను ఇనుకుంటా పంక్చర్లు ఎయ్యాల్నా?"

"ఆదెమ్మ మొహం చూసి సంతకం పెట్టినానురా."

"నా మొహం చూడొద్దా? పో. నా షాపు గడప తొక్కబాకు."

ఆ రోజు నుంచి చిన్నపరెడ్డి పీరయ్యతో మాట మానేశాడు. సంగతి పేపర్లో పడ్డాక ఊరు కూడా తన వంతు తాను చేసింది. పీరయ్య టీ కొట్టు దగ్గరికి వస్తే గొంతులు తగ్గేవి. స్నేహితుణ్ణి మంచులో వదిలేసి వచ్చాడట అని చెవులు కొరుక్కునేవారు. ఆ వదిలేయబడిన స్నేహితుడు ఎదురుగా కూర్చుని వాళ్ల బండికే గాలి కొడుతున్నా సరే, పేపర్లో పడిందంటే నిజమే అయ్యుంటుందని వాళ్ల నమ్మకం. పీరయ్య టీ తాగడం మానుకున్నాడు. మస్తాన్‌బీ మాత్రం బావి దగ్గర ఇద్దరు ముగ్గురి జుట్టు పట్టుకున్నంత పని చేసింది.

పతక ప్రదానం రేగలగడ్డ హైస్కూలు మైదానంలోనే పెట్టారు. తోరణాలు, మైకులు, అమరవీరుడి ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో పటాలంలో చేరిన కొత్తలో తీసిన ఫొటో వేశారు, కోరమీసాలతో కుర్రాడు. దాన్ని కట్టడానికి గుంజ దొరక్క చిన్నపరెడ్డి షాపుకే తాడు బిగించారు. వితంతువు గనుక బొట్టు లేకుండా వస్తే సభకు నిండుగా ఉంటుందని ఆదెమ్మకు ముందే కబురు పంపారు. ఆమె రూపాయి కాసంత కుంకుమబొట్టు పెట్టుకుని, మందార రంగు చీర కట్టుకుని వచ్చింది.

"ఇచ్చే డబ్బులు నాలుగు తిట్లు తిట్టి తీసుకుంటా. నా బొట్టు జోలికి వస్తే మాత్రం ఆ మైకు పీకి నెత్తిన కొడతా," అని చెప్పింది పిలవడానికి వచ్చినవాళ్లకు.

చిన్నపరెడ్డి ముందు వరసలో కూర్చోబోతే కానిస్టేబుల్ అడ్డుపడ్డాడు. ఆ కుర్చీలు అమరవీరుడి దగ్గరివాళ్లకట. "నాకంటే దగ్గరోడు వాడికి ఎవరయ్యా?" అని గొణుక్కుంటూ చిన్నపరెడ్డి వెనక్కి పోయి నిలబడ్డాడు. ఆ వెనకాలే, ఇంకాస్త వెనక, తల దించుకుని పీరయ్య నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోనట్టే ఉన్నారు.

కోదండపాణిగారి ప్రసంగం అద్భుతంగా సాగింది. "గడ్డకట్టే చలిలో, సహచరులు ప్రాణభీతితో పలాయనం చిత్తగించిన వేళ, ఒక్కడే నిలిచాడు మన చిన్నపరెడ్డి! నేటికీ నిలిచే ఉన్నాడు!" చప్పట్లు మోగాయి. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. "ఆ పలాయనం చిత్తగించిన వ్యక్తి పేరు చెప్పి ఈ పవిత్ర వేదికను మలినం చేయను. ఆయన ఈ ఊరివాడేనని మాత్రం విచారంతో తెలియజేస్తున్నాను."

అన్ని తలలూ ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి. పీరయ్య చెవులకు మైకు సరిగా అందలేదు గానీ, ఆ చూపులు అందాయి. ఆయన భుజం మీది కండువా తీసి ఊరికే మడతపెట్టడం మొదలుపెట్టాడు.

"అమరుడి ఆత్మశాంతికి రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం."

జనమంతా లేచి నిలబడ్డారు. చీమ చిటుక్కుమనడం లేదు. ఆ నిశ్శబ్దంలో చిన్నపరెడ్డి పీరయ్య చేతుల్లోని కండువా వైపు చూశాడు. కాసేపు పళ్లు బిగించుకున్నాడు. తర్వాత ఇక తన వల్ల కాలేదు.

"ఆపండెహె మీ మౌనం!" అని ఒక్క పొలికేక పెట్టాడు. "నేనే చిన్నపరెడ్డిని! నన్ను భుజానేసుకుని దించినోడు ఇడుగో వీడు, నా పీరడు! వాణ్ణి పిరికోడన్నోడి నాలిక కోస్తా!"

కట్టుడుకాలు టకటకలాడించుకుంటూ వేదిక మీదికి దూసుకుపోయాడు. నలుగురు పోలీసులు అడ్డంపడి ఎత్తుకుపోయారు. అమరవీరుడికి జరిగిన ఈ అవమానం చూసి సభ మండిపడింది. "ఎవడో తాగుబోతు," అన్నారు కొందరు. కోదండపాణిగారు, మధ్యలో చెడిపోయింది కాబట్టి, మౌనాన్ని మళ్లీ మొదటినుంచీ పాటింపజేశాడు.

ఠాణాలో చిన్నపరెడ్డి మీద రెండు నేరాలు పడ్డాయి. అమరవీరుడు చిన్నపరెడ్డి సంతాప సభకు భంగం కలిగించినందుకు ఒకటి. పేరేమిటని అడిగితే చిన్నపరెడ్డి అన్నందుకు, అంటే అమరుడి పేరు వాడుకున్నందుకు, ఇంకొకటి.

పీరయ్య, ఆదెమ్మ అక్కడికి చేరేసరికి చిన్నపరెడ్డి బెంచీమీద కూర్చుని రొప్పుతున్నాడు. ఎస్సై మంచివాడే. పొద్దుట్నుంచి బందోబస్తులో ఎండకు మాడి, ఎట్లాగోలా ఇది తెమిలితే చాలన్నట్టున్నాడు.

"పెద్దాయన, పైగా కాలు కూడా లేదు. బుద్ధి చెప్పి పంపిస్తా. ఎవరైనా పూచీకత్తు రాసి తీసుకుపోండి," అన్నాడు.

"నేను తీసుకుపోతా. నా మొగుడే గదా," అన్నది ఆదెమ్మ, కొత్త పతకం పెట్టె చంకలో పెట్టుకుని.

ఎస్సై కంగారుపడ్డాడు. "వద్దమ్మా, వద్దు. మీరు అమరవీరుడి భార్య. వేరే మగమనిషిని ఇంటికి తీసుకుపోయినట్టు రికార్డయితే మీ పింఛను ఆగిపోతుంది."

ఆ పెట్టెను ఎస్సై మొహాన కొట్టాలో, భద్రంగా పట్టుకోవాలో ఆదెమ్మకు తోచలేదు.

"నేను తీసుకుపోతా సార్," అన్నాడు పీరయ్య. చిన్నపరెడ్డి వైపు చూడటానికి ఆయనకు ఇంకా జంకుగానే ఉంది.

ఎస్సై కలం అందుకుని రెండు ముక్కలు రాసి, ఆగి, తల గోక్కున్నాడు. "తీసుకుపోయేది ఎవర్నని రాయాలి? చిన్నపరెడ్డి అని రాస్తే పొద్దున మౌనం పాటించిన వాళ్లంతా నా మీద పడతారు. గుర్తుతెలియని వ్యక్తి అని రాస్తాను. ఏం పెద్దాయనా, నీకేం అభ్యంతరం లేదుగా?"

మళ్లీ గొడవ లేస్తుందని పీరయ్య భయపడ్డాడు. ఆదెమ్మ మొగుడి మోచెయ్యి పట్టుకుంది. చిన్నపరెడ్డి గోడకు చెయ్యి ఆన్చి, నెమ్మదిగా లేచి, బల్ల దగ్గరికి వచ్చి, ఎస్సై కలం వైపు వంగి చూశాడు.

"నాకేం అభ్యంతరం లేదు సార్. నా పేరు మీకేది వీలైతే అది రాసుకోండి. నన్ను తీసుకపోయినోడి పేరు మాత్రం తప్పు రాయబాకండి," అన్నాడు. "పీరయ్య. హవల్దార్ పీరయ్య. జనమంతా చదివేటట్టు కాస్త పెద్దక్షరాలతో రాయండి."

ఎస్సై అలాగే రాశాడు.